సూదితో సగం, మిషనుతో సగం

అక్కా,

మళ్ళీ సూదే గతి. మిషను ఇంకా లేవలేదు. కాబట్టి ఈ వంకరటింకర బ్రెయిలీ చుక్కల మీద వేలు పెట్టి "వీడికి చెయ్యి వణుకుతోందా, తాగి రాశాడా" అని అనుమానపడకు. రెండూ కాదు. పలక మీద కుడి నుంచి ఎడమకి, అద్దంలోలా తిరగేసి పొడుచుకుంటూ రావడం నీకు ఆటే కానీ, కళ్ళున్నవాడికి కాపురం చేసినంత కష్టం. చూపుడువేలు బొబ్బ కట్టింది. చిన్నప్పుడు నువ్వు సెలవులకి ఇంటికొచ్చి ఈ చుక్కలు నేర్పేటప్పుడు, తప్పు పొడిస్తే సూది వెనకభాగంతో కణుపుల మీద కొట్టేదానివి. ఆ కణుపులే ఇప్పుడు మళ్ళీ నొప్పెడుతున్నాయి. అవి మర్చిపోలేదు, నువ్వే మర్చిపోయి ఉంటావు.

అందరం క్షేమం అని మొదట రాయాలి కదా, రాస్తున్నాను. నీ మరదలి మోకాళ్ళు, నా షుగరు, ఆఫీసులో మిషను, ఈ మూడూ తప్ప ఇక్కడ అంతా క్షేమం. అక్కడ నువ్వూ, నీ క్లాసు పిల్లలూ బాగున్నారనే అనుకుంటాను. బాగుంటే నీ ఉత్తరం అంత ఘాటుగా ఎందుకుంటుందిలే.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. మాత్రలు వేసుకుంటున్నావా అన్నావు. వేసుకుంటున్నాను. చక్కెర మానేశావా అన్నావు. మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాను కదా. నీ పెళ్ళాం ఇంకా నీమీద కోపంగా ఉందా అన్నావు. లేదు. కోపంగా ఉంటే మాట్లాడదు, ఈమధ్య బాగానే తిడుతోంది.

ఇక అసలుది. "ఒరేయ్, కొత్త కంప్యూటర్ ఒకటి కొని పడేస్తే అయిపోయేదానికి ఇన్నాళ్ళా? మీ ఆఫీసులో మనుషులున్నారా, కుర్చీలున్నాయా?" అన్నావు. కుర్చీలే ఉన్నాయి అక్కా. కానీ కొత్తది కొనలేదని మాత్రం అనకు. కొన్నాం. కొనమని మేనేజరుకి సలహా ఇచ్చిన మహానుభావుణ్ణి నేనే.

మీ బడికి పుస్తకాలు అచ్చేసే మన బ్రెయిలీ మిషను సంగతి నీకు తెలుసు. రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు దడదడమని కాగితాన్ని గుద్దుతుంది. గుద్దేది అదే అయినా, ఎక్కడ గుద్దాలో చెప్పేది మాత్రం పక్కనున్న పాత కంప్యూటరు. దాన్లో ఉండి దాన్ని నడిపించేది పాతకాలపు లినక్స్. ఆ లినక్స్ మీద, తెలుగుని చుక్కలుగా మార్చే ప్రోగ్రాం ఒకటి. ఎప్పుడో ఒక పెద్దమనిషి రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఎలా రాశాడో ఎవరికీ తెలీదు, అది నడుస్తుందన్న సంగతి ఒక్కటే తెలుసు. కొత్త లినక్స్ మీద పెడితే నోరు కూడా తెరవదు. దానికి ఆ పాత లినక్సే కావాలి. ఇంతలో ఆ కంప్యూటర్ లోపలి పెద్ద బోర్డు ఉబ్బి, కమిలి, చచ్చిపోయింది.

కొత్తది తళతళలాడుతూ వచ్చింది. పాత డిస్కుని యథాతథంగా దాన్లోకి దింపాం. లినక్స్ లేచింది. లేచి, చుట్టూ చూసి, "నాకు డిస్కు ఏదీ కనపడటం లేదు" అని రాసి, మళ్ళీ పడుకుంది. ఆ డిస్కు మీంచే లేచింది అక్కా! కూర్చున్న కుర్చీ ఏదీ అని అడిగినట్టు. మేనేజరు నావైపు చూశాడు. "కొత్తది కదయ్యా, పాతదాంట్లో ఉన్నవన్నీ ఇందులోనూ ఉండాలి కదా?" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను మరి. అలా కాదట. ఆ లినక్స్ పుట్టిన తర్వాత వచ్చిన చిప్పులేవీ దానికి తెలీవు. ఈ కాలం పిల్లలు పాట పెడితే మనం పెట్టే మొహమే అది పెట్టింది.

పైగా మిషను తీగ పాతకాలపు వెడల్పాటిది. కొత్తదానికి ఆ రంధ్రమే లేదు. మధ్యలో తగిలించే చిన్న తీగ ఒకటి తెచ్చాను. అదీ లాభం లేదు. ఆ ప్రోగ్రాం బోర్డు మీద తనకి తెలిసిన గుమ్మం దగ్గరికే వెళ్ళి తలుపు కొడుతుంది. మనం ఇల్లు మారామని ఎంత చెప్పినా వినదు. కాబట్టి ఆ వెడల్పాటి రంధ్రం బోర్డుకే ఉండాలి, డిస్కు చిప్పు ఆ లినక్స్‌కి తెలిసినదై ఉండాలి. అంటే వయసు మీద పడి ఉండాలి, ఆరోగ్యంగానూ ఉండాలి. "అలాంటి సంబంధం దొరకడం కష్టమే" అని నీ మరదలు నన్ను ఎగాదిగా చూసి మరీ అంది.

నెట్‌లో ఇలాంటి కష్టంలో పడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ బోర్డు మీద ఏ పాత లినక్స్ నడిచిందో, ఏది ఏడిపించిందో, ఎవరో ఎవరికోసమో రాసిపెట్టారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. మనకి సరిపోయే బోర్డు పేరు దొరికింది. ఒక మెలిక కూడా దొరికింది. అదే పేరుతో ఆ కంపెనీ రెండుసార్లు చేసింది. పేరూ అదే, రంగూ అదే. రెండోసారి చేసినప్పుడు మాత్రం డిస్కు చిప్పు మార్చేసింది. తేడా అంతా బోర్డు మూలన చీమ తలకాయంత అక్షరంలో ఉంది. మొదటిది మనకి నడుస్తుంది, రెండోది నడవదు.

పాత సామాన్ల బజారుకి వెళ్ళాను. బోర్డులన్నీ పలకల్లా పేర్చి మధ్యలో కూర్చున్నాడు కొట్టాయన. పేరు చెప్పగానే రెండు తీసి ముందు పెట్టాడు.

"రెండూ ఒకటేనండీ. కవలపిల్లలు."

"కవలల్లో ఒకడు దొంగైతే?" అన్నాను.

"ఎవడో నేనెలా చెప్తానండీ, తల్లిని అడగాలి" అన్నాడు.

ఒకటి తెచ్చి బిగించాను. నడవలేదు. "భాగం కుదరలేదు, ఇంకా వెతుకుతున్నాం" అని నీకు రాశాను. అప్పటినుంచి అదే మాట రాస్తున్నాను.

ఇప్పుడు నీకు రాయని సంగతి. ఆ మిషను లేవడం ఇక్కడ అందరికీ కావాలి, కానీ ఒక్కరోజుకే. నేను బజారుకి వెళ్ళకముందే మేనేజరు మా ఇద్దర్నీ పిలిచి చెప్పాడు. ఇద్దరం అంటే నేనూ, వేలిముద్ర గారూ. ఒకసారి నీ పుస్తకంలో తప్పుందని నువ్వు రాస్తే, "తప్పు పుస్తకంలో లేదు, అమ్మగారి వేలిలో ఉంది" అని తిరిగి రాశారే, ఆయన. నీలాగే చూపు లేని మనిషి. బయటికి వెళ్ళే ప్రతి పేజీ ముందు ఆయన వేలి కింద నుంచి వెళ్ళాలి. ఆఫీసంతటిలోకీ ఎక్కువ చదివినవాడు ఆయనే, ఆ పేరు పెట్టుకున్నదీ ఆయనే.

"మిషను ఒక్కసారి లేస్తే చాలు" అన్నాడు మేనేజరు. "దాన్లో ఉన్న పుస్తకాలన్నీ ఆ పాత ప్రోగ్రాంతోనే తీసి బయటి కంపెనీకి ఇచ్చేద్దాం. అచ్చు వాళ్ళే వేసుకుంటారు. కాగితం ఇక మనం కొనక్కర్లేదు. ఈ గది సామాన్లకి పనికొస్తుంది."

"వాళ్ళెప్పుడు వేస్తారండీ?" అన్నాను.

"వాళ్ళ వీలు."

"మరి మా ఇద్దరి సంగతి?" అన్నారు వేలిముద్ర గారు.

"చూద్దాం" అన్నాడు.

చూపున్నవాళ్ళు దేన్నైనా చూడదలుచుకోనప్పుడు అనే మాట అది. అర్థమైంది కదా అక్కా. అది లేచిన రోజున మేమిద్దరం పడుకోవాలి.

నీ ఉత్తరం చివర్లో ఆ పిల్ల సంగతి రాశావు. నదుల పాఠం ఉన్న పుస్తకం క్లాసుకంతా ఒక్కటే మిగిలిందని, అందరి వేళ్ళ కిందా నలిగి చుక్కలు అణిగిపోయాయని. "వేలు పెడితే గోడలా నున్నగా ఉందిరా. అది చదవట్లేదు, గుర్తున్నది అప్పజెబుతోంది. గుర్తులేని చోట నదిని తనిష్టమొచ్చినట్టు తిప్పేస్తోంది. పరీక్షలో అలాగే తిప్పుతుంది" అన్నావు. చదివి నవ్వాను. తర్వాత భోజనం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

ఇక్కడ సూది ఆగిపోయింది. నీళ్ళు తాగొచ్చి మళ్ళీ పట్టుకున్నాను. ఇది నువ్వే నీ వేలితో చదువుకుంటావు, ఎవరిచేతా చదివించుకోవు, అదొక్కటే ధైర్యం.

అక్కా, ఆ కొట్లో నేను రెండు బోర్డులూ కొన్నాను. మూలనున్న అక్షరం చూశాను. ఏది నడుస్తుందో నాకు తెలుసు. నడవనిదే తెచ్చి బిగించాను. నడిచేది ఆఫీసులో నా బీరువాలో, భోజనం డబ్బా వెనకాల ఉంది. రోజూ డబ్బా పెట్టేటప్పుడు దాన్ని ఇంకాస్త లోపలికి నెడుతున్నాను. దాన్ని కొట్లోనే వదిలేసి రావచ్చు కదా అంటావేమో. ఎవరైనా పట్టుకుపోతే మిషను ఇక ఎప్పటికీ లేవదు. అంత పాపానికి ధైర్యం చాల్లేదు. సగం పాపానికే చాలింది.

వేలిముద్ర గారి కోసం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఈ వయసులో, ఆ కళ్ళతో ఆయన ఎక్కడికి పోతారు, నేను కాకపోతే ఎవరు అడ్డం పడతారు, అని. ఆ మాట తలగడలా మెత్తగా ఉండేది. దానిమీద తల పెట్టుకుని బాగానే నిద్రపోయాను.

మొన్న ఆయన పలక కోసం నా బీరువా తడిమారు. డబ్బా జరిగింది. చెయ్యి బోర్డు మీద పడింది. అంచులు తడిమారు, ఆ వెడల్పాటి రంధ్రం మీద వేలు ఆపారు.

"బల్ల మీద ఒకటుంది. ఇక్కడొకటుంది. రెండూ ఒకటే. ఇదెందుకు దాక్కుందయ్యా?"

"స్పేర్ అండీ."

"నడవనిదానికి స్పేరా?"

నేను డబ్బా మూత మళ్ళీ బిగించాను.

"ఇది నడుస్తుందా?"

"నడుస్తుందనే అనుకుంటున్నానండీ. ఇది పెడితే ఇక్కడంతా మూసేస్తారు. మీ గురించే ఆలోచించి..."

"ఆగు" అన్నారు. "నీ ఉద్యోగం కోసం దాచుకున్నావా, దాచుకో. కడుపు అందరికీ ఉంటుంది. నా కోసం అని మాత్రం అనకు. గుడ్డివాణ్ణి అడ్డం పెట్టుకుంటే ఎవరూ ఏమీ అడగరని మేనేజరుకీ తెలుసు. విరాళాలకి వెళ్ళినప్పుడల్లా ఆయన చేసే పని అదే. నువ్వూ నేర్చుకున్నావన్నమాట."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. పలక తీసుకుని, డబ్బాని మళ్ళీ ఉన్నచోటే సరిగ్గా పెట్టి వెళ్ళిపోయారు.

ఇన్నాళ్ళూ మేనేజరుని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో. ఆ ఒక్క మాటతో మేనేజరూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టయింది. అక్కడ చోటు ఇరుగ్గా ఉంది అక్కా.

రేపు పొద్దున్నే, మేనేజరు రాకముందే, ఆ బోర్డు బిగిస్తాను. నన్ను ఎన్ని తిట్లు తిట్టాలో తిట్టు. నీ పిల్లల చదువు ఇన్నాళ్ళు వెనకపడేసింది మీ ఆఫీసువాళ్ళు కాదు, నీ తమ్ముడు. మిషను లేస్తే మిగతా ఉత్తరం దానిమీదే కొడతాను. మధ్యలో ఎవరు ఎటు లాక్కుపోతారో తెలీదు కాబట్టి సంతకం ఇక్కడే పెట్టేస్తున్నాను.

ఇట్లు,
కణుపుల మీద ఇంకో నాలుగు తగిలించాల్సిన నీ తమ్ముడు

అక్కా, ఇక్కడినుంచి నీ వేలికే తెలిసిపోయి ఉంటుంది. చుక్కలన్నీ సమంగా నిలబడ్డాయి కదా? నా చెయ్యి కాదు, మిషను. లేచింది.

పెద్ద కథేం జరగలేదు. బోర్డు బిగించాను, మీట నొక్కాను. లినక్స్ వరసలు వరసలుగా ఏదో రాసుకుంటూ పోయి, "డిస్కు ఇదిగో" అంది. రాత్రి పడుకుని పొద్దున లేచినట్టు లేచింది. బోర్డు మీది గడియారం బ్యాటరీ అయిపోయినట్టుంది, దానికి ఇంకా ఏదో పాత సంవత్సరమే నడుస్తోంది. సరిచేయబుద్ధి కాలేదు. ఆ సంవత్సరంలో మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి.

నదుల పాఠం ముందు కొట్టాను. వేలిముద్ర గారు పక్కనే నిలబడి వేడి తగ్గకుండానే పేజీ లాక్కున్నారు. ఒక తప్పు దొరికిందట. ఈమధ్య ఆయన్ని అంత సంతోషంగా చూడలేదు. దిద్ది మళ్ళీ కొట్టాం. ఆ పిల్లకి చెప్పు, ఇక నదులు అవి పోవాల్సిన చోటికే పోతాయని. ఇప్పుడు కొండల పాఠం అయింది, గాలుల పాఠం మిగిలింది. ఉన్న కాగితం ఎంతవరకు వస్తే అంతవరకు. మేనేజరు వచ్చాక కాగితం ముట్టుకోనివ్వడు, పుస్తకాలు బయటికి తీయడమే.

పాఠానికీ పాఠానికీ మధ్య నీకు ఇది కొడుతున్నాను. వరస పూర్తవ్వగానే మిషను గుద్దేస్తుంది, కాబట్టి ఇందులో కొట్టివేతలుండవు. నేను ఎక్కడ ఆపితే అక్కడ కాగితం చింపి, పాఠాలతో కలిపి కవర్లో పెట్టి, తనే పోస్టు చేస్తానన్నారు వేలిముద్ర గారు. నా మాట మీద నమ్మకం లేక కాబోలు. ఆ బోర్డు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నన్ను మాత్రం ఇవాళ పొద్దున్నుంచి "మీరు" అంటున్నారు. నువ్వు కొట్టిన దెబ్బలే నయం.

ఈ మోత ఎక్కడ దాగుతుంది చెప్పు. మెట్ల మీద బూట్ల చప్పుడు. "ఏంటయ్యా ఆ మోత, లేచిందా? లేచిందా?" అంటూ వస్తున్నాడు. గొంతులో ఎంత ఆనందమో పాపం. వేలిముద్ర గారు తల తిప్పకుండా "గాలుల పాఠం ఉంది, ఆగమనండి" అంటున్నారు. ఒక్కటి అడగాలి అక్కా, నిన్నే మొన్నే అడగాల్సింది, సిగ్గేసి అడగలేదు. మీ బడిలో తప్పులు పట్టే మనిషి ఎవరైనా కావలసొస్తే ముందు ఆయన్ని పిలువు, ఆ తర్వాత ఇంకా చోటుంటే, మిషన్లు తుడవడానికైనా సరే, నీ తమ్ముణ్ణని చెప్పకుండా న