డ్రైవరుతో మాట్లాడరాదు

లైసెన్సుల విభాగం పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

మా అబ్బాయి మెడలోది క్యాన్సర్ కాదట! కాదట అయ్యా! కాగితం మీద అచ్చు వేసి, కింద పెద్ద డాక్టరు గారు సంతకం పెట్టి, నిన్న పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నా చేతిలో పెట్టారు.

అర్జీ ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు. మా వీధి చివర టైపు మిషను పెట్టుకున్న పెద్దమనిషి "ముందు విషయం రాయాలి, తరువాత విన్నపం రాయాలి, మధ్యలో ఏడవకూడదు" అని మరీ మరీ చెప్పాడు. కనుక ఇప్పుడు పద్ధతిగా రాస్తున్నాను.

విషయం: పెద్ద బండ్లు నడుపు లైసెన్సు కొరకు మా అబ్బాయికి జరగవలసిన పరీక్షను, ముఖము సరిపోలలేదను కారణమున మూడు పర్యాయములు వాయిదా వేసియున్నందున, సదరు పరీక్షను ఈ వారములోనే జరిపించవలెనని ప్రార్థన.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను దర్జీని. వయసు డెబ్బై రెండు. ఐదో తరగతి వరకు బడిలో చదివాను, మిగతా చదువంతా కొలతల పుస్తకంలోనే. తప్పులుంటే మన్నించగలరు. నాకు ఒక్కడే కొడుకు. వాడు తమకు తెలిసినవాడే. పన్నెండేళ్ళపాటు రోజూ సాయంత్రం ఏడున్నరకు టీవీలో 'పకపకల బావ' అని వచ్చేవాడే, ఎర్ర కాలరు కోటు వేసుకుని, తలుపు తీయగానే గడప తట్టుకుని బోర్లా పడి, లేచి, గోడలు అదిరేలా నవ్వేవాడే, వాడే. ఆ కోటు కుట్టింది నేనే. ఆ రోజుల్లో వాడితో సబ్బు కొనడానికి వెళ్తే గంట పట్టేది. కొట్టువాడు సబ్బు చేతిలో పట్టుకుని, "ఒక్కసారి నవ్వితేనే ఇస్తా బావా" అనేవాడు. వీడు నవ్వేవాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. నేను గుమ్మంలో నిలబడి, ఎవరూ అడగకపోయినా, "మావాడే, మావాడే" అనుకునేవాణ్ణి.

2. మూడేళ్ళ కిందట ఎడమ దవడలో పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. మూడో దశ అన్నారు. కింది దవడ ఎడమవైపు తీసేసి, కాలి ఎముక కోసి అక్కడ అమర్చారు. ఆ డాక్టరు గారి పనితనం గురించి నేను ఒక్క మాట చెప్పగలను. కుట్లు చూశాను, నాకంటే సన్నగా వేశారు. ఆ ఏడాది మావాడి చొక్కాలు నాలుగుసార్లు విప్పి బిగించి కుట్టాను. ప్రతిసారీ "బట్ట సాగిపోయిందిరా" అని చెప్పేవాణ్ణి. వాడు నమ్మినట్టే తలాడించేవాడు.

వాడు ఆసుపత్రిలో ఉండగానే టీవీవారు ఆ కోటు ఇంకొకరికి తొడిగారు (భుజాలు సరిగా కూర్చోలేదు, అది ఇక్కడ అప్రస్తుతం). జనం ఏడు రోజులు గొడవ చేశారు. ఎనిమిదో రోజుకు అలవాటు పడ్డారు. అదే టీవీవారు మావాడి మీద అరగంట నివాళి కార్యక్రమం ఒకటి సిద్ధం చేసి ఉంచుకున్నారని, చిన్నప్పటి ఫొటోలు కావాలంటూ వాళ్ళ ఆఫీసు అమ్మాయి ఫోను చేసినప్పుడు తెలిసింది.

"ఎప్పుడు వేస్తారమ్మా?" అని అడిగాను.

"అది మీరే చెప్పాలండీ," అంది, పాపం మర్యాదగానే.

వారి శ్రమ వృథా చేసినందుకు మా కుటుంబం తరఫున విచారం తెలియజేసుకుంటున్నాను.

3. బతికి బయటపడ్డాక మావాడు ఏడాది పైగా నా కుట్టుగదిలోనే కూర్చున్నాడు. గుండీలు కుట్టేవాడు. మాట కాస్త ముద్దగా వస్తుంది. నవ్వు కుడివైపే వస్తుంది. బయటికి వెళ్తే కొందరు గుర్తుపట్టరు, కొందరు గుర్తుపట్టి మొహం తిప్పుకుంటారు. "గుర్తుపట్టనివాళ్ళే నయం నాన్నా" అనేవాడు. ఒకరోజు ఆసుపత్రి నుంచి బస్సులో వస్తూ డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాం. మావాడు నన్ను మోచేత్తో పొడిచి, పైన రాసి ఉన్నదాన్ని చూపించాడు.

"చదువు నాన్నా."

"డ్రైవరుతో మాట్లాడరాదు," అని చదివాను.

"ఇలాంటి ఉద్యోగం ఒకటుందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేంటి?"

"ఏం ఉద్యోగంరా?"

"యాభై మంది ఎక్కుతారు. అందరూ నా వెనకే కూర్చుంటారు. నవ్వు బావా అని ఒక్కడూ అడగడు. అడిగితే బోర్డు ఒప్పుకోదు."

జబ్బు వచ్చాక వాడి నోట నేను విన్న మొదటి హాస్యం అది. నేను పగలబడి నవ్వితే కండక్టరు వచ్చి, "ఏం పెద్దాయనా, టికెట్ తీసుకున్నావా?" అని గద్దించాడు.

ఎనిమిది నెలలు బండి నేర్చుకున్నాడు. నేర్పిన మేష్టారు మెచ్చుకోలు తెలియని మనిషి. ఆయన మొన్న నాతో, "మీవాడు రివర్సు బాగా చేస్తాడండీ, వెనక ఏముందో బాగా ఎరిగినవాడిలా ఉన్నాడు" అన్నారు. కళ్ళు, చెవులు, చేతులు, ఎముక తీసిన కాలు అన్నీ బాగున్నాయని ఆసుపత్రివారు ఇచ్చిన పత్రం జత చేశాను. ఖాకీ దుస్తులు ముందే కుట్టి పెట్టాను. అది నా తొందర, వాడి తప్పు కాదు.

4. ఇక తమ కార్యాలయము సంగతి. మొదటి పర్యాయము గుమాస్తా గారు పాత లైసెన్సు మీది ఫొటో చూశారు, మావాడిని చూశారు, మళ్ళీ ఫొటో చూశారు.

"ఇది పకపకల బావది కదా! నీ దగ్గరికెలా వచ్చింది?"

"నేనేనండీ."

"ఎవరు నువ్వు?"

"ఆయన్నే."

"చూడు తమ్ముడూ, ఆయనంటే మా ఇంటిల్లిపాదికీ ప్రాణం. ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో పాపం. ఆయన పేరు పెట్టుకుని ఇలాంటి పనులు చెయ్యకు, బాగుండదు."

ఆ మాటలంటున్న గుమాస్తా గారి కుర్చీ వెనక గోడ మీద తమ శాఖవారి పోస్టరు ఉన్నది. 'నెమ్మదిగా వెళ్ళండి, నవ్వుతూ ఇల్లు చేరండి' అని. అందులో నవ్వుతున్నది మావాడే. మంచి పని అని ఊరికే దిగిన ఫొటో అది. మావాడు వెళ్ళి దాని పక్కన నిలబడి, అంత వెడల్పుగానూ నవ్వడానికి ప్రయత్నించాడు. గుమాస్తా గారు ఇటు చూసి, అటు చూసి, "ఊహూ, కుదరలేదు" అన్నారు. కంప్యూటరు కూడా అదే అన్నది. వారిని నేను తప్పు పట్టడం లేదు. అభిమానం కొద్దీ అన్నారు.

రెండవ పర్యాయము, ఈ రెండు ముఖములూ ఒకరివేనని ఎరిగినవారితో ధ్రువపత్రం తెమ్మన్నారు. టీవీ మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాం. "మాకు పాత మొహమే తెలుసండీ, ఈ మొహం తెలిసినవాళ్ళని అడగండి" అన్నారు. ఆసుపత్రికి వెళ్ళాం. "మాకు ఈ మొహమే తెలుసండీ, మా దగ్గరికి వచ్చేసరికే వాచిపోయి ఉంది" అన్నారు. ఆ మొహాన్నీ ఈ మొహాన్నీ రోజూ పొద్దున్నే చూసినవాణ్ణి నేనున్నాను. తండ్రి సాక్ష్యం చెల్లదన్నారు.

అయ్యా, మొహం మారింది. నిజమే. కానీ మావాడి భుజం పదిహేడున్నర, చెయ్యి ఇరవై నాలుగు, కుడి భుజం ఎడమదానికంటే పావు అంగుళం కిందికి. ఇవి మారలేదు. వాడి పద్దెనిమిదో ఏటి నుంచీ తారీఖులతో సహా నా కొలతల పుస్తకంలో ఉన్నాయి. పుస్తకం జత చేస్తున్నాను. టేపు నేనే తెస్తాను. మావాడిని నిలబెట్టి తమరే స్వయంగా కొలవవచ్చును. ఒక్క నూలు తేడా వచ్చినా నా కత్తెర తమ బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాను.

మూడవ పర్యాయము, ఈ ముఖము సంగతి తేల్చవలసిన తమరు సెలవులో ఉన్నారు. సెలవు హాయిగా గడిచిందని తలుస్తాను.

5. అసలు ఇబ్బంది ఇది. దీని కోసమే ఈ అర్జీ.

పోయిన నెల మావాడి మెడలో చిన్న గడ్డ కనిపించింది. మళ్ళీ వచ్చిందేమో అన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రోజు ఇంటికి వస్తూ మావాడు అన్నాడు:

"నాన్నా, రిపోర్టు నువ్వే తెచ్చుకో. నాకు మాత్రం బండి పరీక్ష అయ్యాకే చెప్పు. చెడ్డదైతే చేతులు వణుకుతాయి. మంచిదైతే ఇంకా వణుకుతాయి. ఏదైనా సరే, పరీక్ష దారిలో పాతిన స్తంభాలు గుద్దేస్తాను."

"కబురు తెలియకుండా గుద్దినా పరీక్ష పోతుంది కదరా."

"పోతే పోనీ. మూడేళ్ళుగా ఏం చేసినా దాని మాటే. ఈ ఒక్క పని దానితో సంబంధం లేకుండా చేస్తాను. గెలిచినా నేనే, ఓడినా నేనే. మాటివ్వు."

ఇల్లు చేరాక కుట్టు మిషను మీద చెయ్యి వేసి మాటిచ్చాను. అప్పటికి పరీక్ష ముందు ఉంది, రిపోర్టు వెనక ఉంది. తమ కార్యాలయము వారి వాయిదాల వల్ల రిపోర్టు ముందుకొచ్చేసింది.

అయ్యా, నా కడుపులో మాట ఆగదు. నా ఈ గుణం మా వీధి వీధంతటికీ తెలుసు. నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, "ఇంకా రాలేదట" అని అబద్ధమాడాను. కోడలు కళ్ళలోకి చూసి, "నిజమేనా మామయ్యా?" అంది. "నిజమేనమ్మా" అని మిషను మీదికి వంగిపోయాను. ఆ తరువాత ఒక కస్టమరు ప్యాంటుకు రెండు కాళ్ళూ కలిపి కుట్టేశాను. యాభై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి. ఇక లాభం లేదని స్నానాలగదిలోకి పోయి, కుళాయి విప్పి, తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఎంత సేపు నవ్వానో తెలియదు. తలుపు చప్పుడైంది.

"నాన్నా, ఏడుస్తున్నావా?"

"లేదురా. దగ్గు."

 వాడు కాసేపు తలుపు దగ్గరే నిలబడి వెళ్ళిపోయాడు. ఏడుపనే అనుకున్నాడు అయ్యా. కచ్చితంగా ఏడుపనే అనుకున్నాడు. ఈ పొద్దున నా చొక్కా గుండీ ఊడితే, దారం ఎక్కించి, నా ఒంటి మీదే కుట్టాడు. కుట్టి, కాలరు సర్ది, "పరీక్ష తేదీ వచ్చిందేమో కనుక్కో నాన్నా" అని అంతే అన్నాడు. వాడి చేతులు వణకలేదు. నావే వణికాయి.

చెప్పేయవచ్చు కదా అని తమరు అనవచ్చును. చెప్పేస్తే వాడు అడిగిన ఆ ఒక్క పనీ పోతుంది. చెప్పకపోతే, తమరు తేదీ ఇచ్చేదాకా వాడు చెడ్డ కబురును మోస్తూ తిరుగుతాడు. లేని చెడ్డ కబురును. మంచి కబురు నా లోపలి జేబులో ఉంది.

6. కావున నా ప్రార్థన ఏమనగా, వాడిని పాసు చేయమని నేను అడగడం లేదు. పరీక్ష పెట్టమని మాత్రమే అడుగుతున్నాను. స్తంభానికి చక్రం తగిలితే ఫెయిలు చేసేయండి. ఏమాత్రం చూసీచూడనట్టు పోవద్దు. పన్నెండేళ్ళు చప్పట్లు విన్న మనిషి, ఉత్తుత్తి చప్పట్లు ఏవో వాడికి ఇట్టే తెలిసిపోతాయి. ఫెయిలైనా అదే నిమిషంలో నేను ఈ కబురు చెప్పుకోవచ్చును. పరీక్ష పెట్టే ఉద్యోగి గారు వాడిని గుర్తుపట్టినా పట్టనట్టే ఉండాలి. నవ్వమని అడగకూడదు. నేను గేటు బయట నిలబడతాను, లోపలికి రాను, కేక వేయను. కేక వేయను అనే మాటకు మాత్రం పూచీ ఇవ్వలేను.

దీనిని తమరు దయతో చిత్తగించవలెను. చిత్తగించి, వెంటనే ఒక తేదీ వేయవలెను. రేపైనా మాకు సమ్మతమే. ఈ సాయంత్రమైనా సమ్మతమే.

తమ విధేయుడు,
తమ గేటు బయట బెంచీ మీద కూర్చుని ఇది రాసిన దర్జీ

తా.క.: పరీక్ష ముగియగానే మావాడికీ కోడలికీ నేనే చెప్పుకుంటాను. ఆ తరువాత నాకు మాట పెగలకపోవచ్చును. అప్పుడు ఈ కింది వారికి గుమాస్తా గారి చేత ఫోను చేయించగలరు. ఆయనకు మావాడంటే ప్రాణం కదా, కాదనరు. నంబర్లు కాగితం వెనక వైపు రాశాను.

మా పెద్దక్క: అందరికంటే ముందు ఆమెకే చెప్పాలి, లేకపోతే ఏడాది మాట్లాడదు. చెవి సరిగా వినపడదు, గట్టిగా చెప్పాలి.

మా తమ్ముడు: "ఎలా ఉంది?" అని అడిగి, మనం చెప్పేలోపే నిట్టూరుస్తాడు. అడగకముందే చెప్పేయాలి.

మా వియ్యంకుడు గారు: రిపోర్టు సంగతి ఒక్కటే చెప్పండి. బస్సు సంగతి ఆయనకింకా తెలియదు.

మా చెల్లెలి కూతురు: నర్సు. ఊరికే నమ్మదు. రిపోర్టు నంబరుతో సహా చదివి వినిపించాలి. విన్నాక ఏడుస్తుంది, కాసేపు ఆగాలి.

మా బావమరిది: ఆయన పనిలో ఉంటే పిలిపించండి. ఆపరేషను నాడు రక్తం ఇచ్చినవాడు.

మా అమ్మ: వయసు తొంభై ఒకటి. ఈమెకు మాత్రం ఫోను చేయవద్దు. జబ్బు సంగతే ఆమెకు చెప్పలేదు. పన్ను పీకబోయి దవడ పాడుచేశారని చెప్పాం. మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే లేచి ఆ పళ్ళ డాక్టరును తిడుతోంది. అలాంటి డాక్టరు అసలు లేనేలేడు. ఆమె దగ్గరికి నేనే వెళ్తాను. పక్కన కూర్చుని, "ఇంక ఆయన్ని క్షమించేయవే అమ్మా" అని చెబుతాను.