నలభై సీట్ల బస్సు

నవంబర్ 4, సోమవారం

ఏడో తరగతికి కొత్త పీరియడ్ పెట్టారు. ప్రాబ్లమ్ సాల్వింగ్ అండ్ డెసిషన్ మేకింగ్. పుస్తకం లేదు, పరీక్ష లేదు. అందుకే నాకిచ్చారు. పేపరు మూతపడి స్కూల్లో చేరిన రిపోర్టరుకి ఇంకేం ఇస్తారు.

చార్టు మీద ఐదు మెట్లు రాశాను. సమస్యను ఒక్క వాక్యంలో చెప్పాలి. వాస్తవాలు సేకరించాలి. దారులు వెతకాలి. ఏ దారిలో ఎవరికి ఎంత నష్టమో చూడాలి. నిర్ణయించాక వెనక్కి పోకూడదు. ఐదోది నా సొంతం. డెడ్‌లైన్ల మధ్య బతికినవాడి జబ్బు.

నవంబర్ 6

సమస్య కాళ్లొచ్చి నడిచి వచ్చింది. పదహారో తారీకున క్లాసంతా సముద్రం చూడ్డానికి వెళ్తోంది. బస్సులో పిల్లలకు నలభై సీట్లు. పిల్లలు నలభై ఒక్కరు. ఎవరో ఒకర్ని మీరే ఆపేయండి అన్నారు ప్రిన్సిపల్. పిల్లలకే వదిలేస్తాను, వాళ్లేం తేలిస్తే అదే ఫైనల్ అన్నాను. ఆవిడ సంతోషించారు. తలనొప్పి చేతులు మారినందుకు.

నవంబర్ 7

పీరియడ్ బాగా జరిగింది. అది ముందు రాయాలి.

సముద్రం ఇదివరకు చూసినవాళ్లు చేతులెత్తండి అని వాళ్లే ఒకరినొకరు అడిగారు. నలుగురు తేలారు. ఆ నలుగురిలో ఒకరు ఆగడమే న్యాయమని ముందు బెంచీ తీర్పు చెప్పేసింది. పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు లాయరు లేచాడు. అది వాడికి క్లాసు పెట్టిన పేరు. ఆ నలుగురిలో వాడొకడు, రెండుసార్లు చూశాడు. చూసినవాడికే కదా సార్ ఏం పోతుందో తెలిసేది, చూడనివాళ్లకి పోయిందేంటో కూడా తెలీదు, మరి బాధ ఎవరికి తక్కువ అన్నాడు. నష్టం చూడమని మీరే రాశారు అంటూ నా చార్టే నాకు చూపించాడు. నేను నవ్వాను. బాగా వాదించావురా అన్నాను. అక్కడితో క్లాసు అటు ఒరిగింది.

మరి చూడనివాళ్లలో ఎవర్ని ఆపాలి? ఆపినా ఏడవనివాళ్లని అన్నారు ఎవరో. తలలన్నీ రెండో బెంచీ చివరికి తిరిగాయి.

ఆ పిల్లను ‘సరే’ అంటారు. ఏమడిగినా అదే జవాబు కనుక. పెన్ను ఇస్తావా, సరే. బెంచీ మారతావా, సరే. ఓటు పెట్టాను. చేతులన్నీ లేచాయి. ఆమెది కూడా.

నవంబర్ 8

స్టాఫ్ రూమ్‌లో లెక్కల మేడమ్ అడిగారు. చీటీలు వేసుంటే ఆ పిల్ల తన అదృష్టాన్ని తిట్టుకుని ఊరుకునేది, ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాలండీ అని.

నవంబర్ 11

మళ్లీ చేద్దాం అన్నాను క్లాసులో. గోల. మీకు నచ్చిన జవాబు వచ్చేదాకా చేయిస్తే అది మా నిర్ణయం ఎలా అవుతుంది సార్ అన్నాడు లాయరు. వెనక బెంచీ బల్లలు చరిచింది. ‘సరే’ వైపు చూశాను. అయిపోయింది కదా సార్, వదిలేయండి అంది.

లాయరు చెప్పింది నిజం. అదే చిక్కు.

నవంబర్ 12

డ్రైవర్‌ని అడిగాను. ఒక్క తల ఎక్కువైనా బండి సీజు చేస్తారు, మీరు దయ చూపించబోయి నా పొట్ట కొట్టకండి సార్ అన్నాడు. నా సీటు ఇస్తానన్నాను. ఇద్దరు టీచర్లు లేకపోతే ట్రిప్పే లేదన్నారు ప్రిన్సిపల్. పైగా నా పద్ధతి చాలా బాగుందట, మిగతా టీచర్లకు కూడా నేర్పమన్నారు.

సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ లేదు. పిన్ని దగ్గర ఉంటోంది. రెండు గదులు, పిన్ని పిల్లలు ఇద్దరు. క్షమాపణ చెప్పబోతే పిన్ని చెప్పనివ్వలేదు. కుర్చీ తుడిచి వేసింది. మా పిల్ల బంగారమండీ, ఉంటే తింటుంది, లేకపోతే అడగదు, నోట్లో నాలుకే లేదు, మావాళ్లిద్దరూ దాని కాళ్ల కింద నుంచి దూరాలి అంది. మంచి మనిషే. ప్రేమగానే అంది. గుమ్మం దగ్గర ‘సరే’ తమ్ముడి షూ తుడుస్తోంది.

నేను లేస్తుంటే పిన్నికే ఎందుకో తోచి అడిగింది, ఇంతకీ సముద్రం చూడాలని ఉందా లేదా నీకు అని. ఆ పిల్ల షూ కింద పెట్టి ఆలోచించింది. తెలీదు పిన్నీ అంది.

మనుషుల్ని ప్రశ్నలడిగి బతికినవాణ్ని. అది అబద్ధం కాదు.

నవంబర్ 16, ఉదయం 6:10

బస్సులో రాస్తున్నాను. ఒకడికి జ్వరం, రాలేదు. సీటు ఖాళీ. వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. ఇల్లు దారిలోనే, ఆపి ఎక్కించుకుంటామన్నాను. పిన్ని సంబరంగా కేకేసింది. పిల్ల ఫోన్ అందుకుని, నిర్ణయించాక వెనక్కి పోకూడదు కదా సార్ అంది. ఆ మెట్టు తప్పమ్మా, కొట్టేశాను, వచ్చెయ్ అన్నాను.

ఈ ఒక్కదానికి మాత్రం సరే అనలేదు.

అయినా ఇంటి ముందు ఆపించాను. డ్రైవర్ హారన్ కొట్టాడు. పిన్ని ఒక్కతే బయటికొచ్చి చెయ్యి అడ్డంగా ఊపింది.

నవంబర్ 17

రాను పోను ఆ ఖాళీ సీట్లో ఎవరూ బ్యాగు కూడా పెట్టలేదు. లాయరు సముద్రం మూడోసారి చూశాడు.

నవంబర్ 18

మళ్లీ ఆ పీరియడ్. కొత్త సమస్య రాద్దామని చాక్‌పీసు తీసుకున్నాను. బోర్డు మీద ఇంకా అక్షరం పడలేదు. రెండో బెంచీ చివర ఆ పిల్ల లేచి నిలబడింది. ఎందుకమ్మా అని అడిగాను. ఈసారీ నేనే కదా సార్ అంది.