పిలవనిదే లోపలికి రాడు

జూన్ 9, సోమవారం
పొద్దున్నే షాహీనా ఫోన్. మా గేమ్ డెమో ఆడి చూసిందట. "ఏంటే ఇది, మన పిశాచం పది నిమిషాల్లో ఆరిళ్ళూ తిరిగొచ్చేశాడు!"
తప్పు షాహీనా కోడింగ్‌ది కాదు, నా రాతది. ఆట మొత్తానికి నియమం ఒక్కటే — ఇంట్లోవాళ్ళు పిలవనిదే సూర్యం గడప దాటలేడు. ఎండ తగిలితే చచ్చే ఆ రక్తం తాగేవాడికి సూర్యం అని పేరు పెట్టింది షాహీనాయే, కావాలని. నేనేమో ప్రతి గుమ్మంలోనూ "ఎవరండీ? రండి, రండి, కూర్చోండి" అని రాసి పెట్టా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.

జూన్ 10
ఐదిళ్ళ మాటలు మార్చా. ఆరోది మిగిలింది — కొల్లేటికోటలో ఒంటరి ఇల్లాలు. గొంతు అమ్మది. శుక్రవారం సాయంత్రానికి డెమో పంపాలి.

జూన్ 11
ఫ్యాన్ ఆపి, అమ్మని ఫోన్ ముందు కూర్చోబెట్టి, పదిహేను సార్లు రికార్డింగ్. "లోపలికి రావద్దు" అనమ్మా అంటే — "ఇప్పుడు కాదండీ, ఏమనుకోకండి, ఇంకోసారి రండి."
అదీ పిలుపే కదమ్మా!
"గుమ్మంలోకొచ్చిన మనిషిని రావద్దని ఎలా అంటానే? నోరు రాదు."
అరిచేశా. "వాణ్ణీ అలాగే పిలిచావుగా!"
లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.
రవీంద్ర ఇంట్లోంచి నేను వచ్చేసి ఎనిమిది నెలలు. కిందటి నెల తాడేపల్లిగూడెం నుంచి బండి మీద వచ్చాడు. "రండి అల్లుడుగారూ" అంది అమ్మ. కాఫీ ఇచ్చింది. తాగి, కప్పు కింద పెట్టి, నా గదిలోకొచ్చి గడియ పెట్టాడు. అమ్మ తలుపు బాదుతూనే ఉంది. పక్కింటివాళ్ళు వచ్చాకే తీశాడు. మణికట్టు వాపు తగ్గింది. భయం తగ్గలేదు.

జూన్ 12
అమ్మ మాట్లాడడం లేదు. కూర మాత్రం చింతచిగురు, రొయ్యలు — నాకిష్టమని. తిన్నా. సిగ్గేసింది.
షాహీనా: "వేరే గొంతు పెడదామా? మా అమ్మీ అయితే ఎవర్నైనా తిట్టి పంపేస్తుంది." నవ్వొచ్చింది. వద్దన్నా. అమ్మ ఆ ఒక్క మాట అనగలదని నాకు తెలియాలి. ఆట కోసం కాదు.

జూన్ 13, శుక్రవారం
మధ్యాహ్నం రెండు. రవీంద్ర మెసేజ్ — "దెందులూరు దాటాను. ఇవాళ మాట్లాడి తీరాలి." అమ్మకి చదివి వినిపించా. పావుగంటలో ఇక్కడుంటాడు.
షాహీనా వాళ్ళ నాన్నని తీసుకుని బయల్దేరింది. ఇరవై నిమిషాలంది.

రెండుంపావు. బండి ఆగింది. గదిలో గడియ వేసుకుని రాస్తున్నా.
"అత్తయ్యగారూ, గేటు తీయండి."
అమ్మ చెప్పుల చప్పుడు. వరండా. మెట్లు. ఆగింది.
"మీరు లోపలికి రాకండి."
అంది! అండీ వదల్లేదు, కానీ అంది. ఏడుపొచ్చింది నాకు.
"ఎండనపడి వచ్చాను. మంచినీళ్ళైనా ఇవ్వరా?"
అమ్మ లోపలికొచ్చింది. బిందె మూత తీసింది. వద్దమ్మా... దాహమంటే శత్రువుకైనా కాదనదు. మళ్ళీ మెట్లు. గేటు తీసిన చప్పుడు లేదు — పైనుంచే అందించినట్టుంది.
"గ్లాసు ఇటివ్వండి" అంటోంది.
ఇవ్వడం లేదు.
"లోపల పెట్టేసి వెళ్తానండీ అత్తయ్యగారూ..."
గేటు గొళ్ళెం కదిలింది. అమ్మ చెయ్యో, వాడి చెయ్యో