పోస్టర్‌కి ఫొటో

తమ్ముడు రస్మీకి,

ఇది మీ ఆఫీసులో ఎవరు విప్పినా, చదివాక నీకు అందిస్తే చాలు.

మన పోరాట సంస్థ చీలినప్పుడు నా కొడుకు వజీహ్‌ను వెంటబెట్టుకుపోయింది నువ్వే. "అక్కా, అసలైనవాళ్లం మేమే, మిగతావాళ్లంతా అమ్ముడుపోయారు" అన్నావు. నేను నమ్మాను. ఇప్పుడు వాడు గూఢచారని మీవాళ్లే పట్టుకుపోయి తొమ్మిది నెలలైంది. వాడితోపాటు పట్టుకున్నవాళ్లలో ఒక్కడూ తిరిగి రాలేదని శరణార్థి శిబిరమంతా చెప్పుకుంటున్నారు.

నిన్న పాత సంస్థ ఆఫీసుకు వెళ్లాను. "మమ్మల్ని కాదని పోయినవాడికి మేమెందుకు అమరుడని పోస్టర్ వేస్తామమ్మా? పోయి నీ తమ్ముణ్ణే అడుగు" అన్నారు. పోస్టర్ గోడకెక్కని చావుకి ఇక్కడ పరామర్శ ఉండదని నీకు తెలుసు. అయినా చావింట పోసే చక్కెర లేని కాఫీ కాచి, తలుపు తీసి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పక్కింటి నజ్లా మాత్రం గుమ్మంలోంచే, "చేదు కాఫీ దేనికి వదినా? నీ కొడుక్కి శత్రువు జీతం బాగానే ఇస్తున్నాడటగా" అంది.

వాడు బతికుంటే పంపెయ్యి, నీ కాళ్లు పట్టుకుంటాను. లేకపోతే ఎక్కడ పూడ్చారో అడగను. ఎవరు కాల్చారో అడగను. ఆ గదిలో నువ్వున్నావా అని కూడా అడగను. శత్రువు చంపాడని రాసి ఒక్క పోస్టర్ వేయించు. అది అబద్ధమని చచ్చేదాకా నోరు విప్పను.

వాడి ఫొటో ఇందులో పెట్టాను. పోయినేడు పండక్కి తీసిందే. అందులో వాడి భుజం మీద చెయ్యి వేసుకుని నువ్వూ ఉన్నావు. కత్తెర పట్టుకున్నాను కానీ ఆ చేతిని వేరు చేయడం నావల్ల కాలేదు. నువ్వే కత్తిరించుకో.

మీ అక్క