తొడ దాకా వచ్చిన నొప్పి

సోమవారం, రాత్రి

ఈ పొద్దు ఆదోనిలో ఫిజియోథెరపీ మేడం నా కాలు చాచి పైకెత్తి, "యాడ లాగుతాంది అన్నా?" అని అడిగింది. ఎప్పుడూ పిక్క దాకా దిగే నొప్పి తొడలోనే ఆగింది. నడుములో మాత్రం ముందుకంటే ఎక్కువైంది. ఆ మాటే భయపడుతూ చెప్పాను. "భయపడాకన్నా. కాల్లో నుంచి పైకి వస్తాందంటే నరం మీద ఒత్తిడి తగ్గుతాందని అర్థం," అన్నది.

ఎమ్మిగనూరు బస్సు దిగి ఊళ్ళోకి నడిచాను. ఈ కబురు ఎవరికైనా చెబుదామంటే మా వీధిలో అన్ని తలుపులకూ తాళాలే. అందరూ సుగ్గికి పోయినారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. పిల్లల్ని తీసుకుని రంగమ్మ కూడా పోయింది. పెళ్ళయినప్పటి నుంచి నేను లేకుండా ఆమె సుగ్గికి పోవడం ఇదే మొదలు.

ఫోన్ చేశాను. "తగ్గింటే నువ్వూ రా. ఈడ మనుషులు సాలడం లేదు," అన్నది. ఇంకా వంగే పని చేయకూడదంట అన్నాను. "సర్లే, కోత అయిపోతే మేమే వస్తాం," అని పెట్టేసింది. తిన్నావా అని అడగలేదు. అలసిపోయి ఉంటుంది. నొప్పి తొడ దాకా వచ్చిందని నేనూ చెప్పలేదు.

ఇందాక చాప మీద బోర్లా పడుకుని, చేతులు ఆనించి ఛాతీ పైకి లేపే వ్యాయామం చేశాను. లేచినప్పుడల్లా ఎదురుగా వీధి తలుపే కనిపిస్తుంది. చాప తిప్పి వేసుకుంటే గోడ కనిపిస్తుంది.

వేసుకోలేదు.