'చాలు' అన్న మాటను వెనక్కి తీసుకొనుట గురించి

నీటి సరఫరా విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మర్యాదకు 'చాలు' అన్నందున మా వీధికి తగ్గించిన కుళాయి నీటిని తిరిగి ఇప్పించుట గురించి.

సూచన: ఇదే విషయమై లోగడ తమ కార్యాలయపు వరండాలో నోటితో చెప్పుకున్న మొర.

నేను మెయిన్ రోడ్డు వెనుక వీధిలో బట్టలు కుట్టుకొని బతుకువాడను. ముందు గదిలో మిషను, వెనుక గదిలో మంచం పట్టిన మా అమ్మ, రెండింటికీ మధ్య నా భార్య. అమ్మకు వీపున పుండ్లు పడినవి. రోజూ ఒళ్ళు తుడిచి, ఉతికిన దుప్పటి పరవకపోతే అవి మానవని డాక్టరు గారు చెప్పినారు. ఈ అర్జీకి కారణము ఆ దుప్పటియే. తక్కినదంతా వివరణ. ఆ వివరణ ఏమనగా:

1. వానలు కొత్త పద్ధతి నేర్చుకున్నవి. ఏడాదంతా మొహం చాటేసి, ఒక్క మధ్యాహ్నం వచ్చి, కురవవలసినదంతా కురిసి, మురుగుకాల్వ దారిన వెళ్ళిపోవుచున్నవి. ఈ సంగతి గ్రహించి, తమవారు కరపత్రములు పంచకముందే మేము ఎవరి డాబా నీళ్ళు వారు గొట్టముతో దింపి, వీధి మొగన తవ్విన ఇంకుడు గుంతలోకి మళ్ళించుకున్నాము. గిన్నెలు కడిగిన నీరు మొక్కలకు, బట్టలు జాడించిన నీరు మరుగుదొడ్లకు పోవుచున్నవి. నేను స్వతహాగా గుడ్డపీలిక కూడా పారవేయని వాడను. నన్ను మించినవారు ఎదురింటి రిటైరు టీచరమ్మ గారు. ఆవిడ బకెట్లకు హాజరు వేస్తారు.

2. ఇందుకు మెచ్చి తమవారు మా వీధికి 'ఆదర్శ వీధి' అను బోర్డు బిగించి, సభ జరిపి, నాకొక కుండీ మొక్కను బహూకరించినారు. దానికి రోజూ నీళ్ళు పోయవలెను. పిమ్మట రెండు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చినారు. పుట్టి బుద్ధెరిగి మైకు పట్టనివాడను. చెమటలు పట్టి, "మీ దయవల్ల ఉన్న నీళ్ళు మాకు చాలండి" అన్నాను. చప్పట్లు మోగినవి. తమరు కూడా కొట్టినారు.

3. ఆ తరువాత రోజు విడిచి రోజు వచ్చు నీరు కాస్తా వారానికొకసారి అయినది. నీళ్ళు వదిలే అతనిని అడుగగా, "మీది మిగులు వీధి అయింది కదన్నా! మైకులో చాలన్నది నువ్వే కదా? ఆఫీసులో అలాగే రాసేసుకున్నారు" అన్నాడు.

అయ్యా, తమకు భాష నేర్పగలవాడను కాను. అయినను, భోజనానికి కూర్చున్న చుట్టము 'చాలు చాలు' అని చేయి అడ్డము పెట్టినచో, వడ్డించు ఇల్లాలు ఆ వేళ్ళ సందులోంచి ఇంకో గరిటె వేయును. చాలనుట అతని మర్యాద, వేయుట ఆమె మర్యాద. నిజముగా చాలినవాడు మాట్లాడకుండా లేచి చేయి కడుగుకొనును. 'చాలు' అనగానే కంచము లాగివేసిన ఇల్లాలిని ఇంతవరకు చూడలేదు. తమ విభాగమును చూచితిని.

4. మా గుంత పుణ్యమా అని భూమిలో నీరు పైకి వచ్చినదని తెలిసి, తమవారు దాని పక్కనే బోరు వేయించి, ట్యాంకర్లతో పై వీధులకు తరలించుచున్నారు. పైవారికి దాహము తీరినచో మాకు సంతోషమే. కాని అక్కడ పగిలిన పైపు నుండి నీరు రోడ్డంతా పారుచుండగా, దానిని 'అధిక అవసరము' కింద రాసుకొన్నారట. గోరుచుట్టుపై రోకటిపోటు అనగా ఇదియేనని మనవి.

5. ఇక లాభము లేదని వీధివారమందరము టీచరమ్మ గారి ఇంట కూడితిమి. పొదుపు చేసినందుకే నీరు తగ్గినది గనుక, నీళ్ళు వదిలే అతను మీటరు కూడా చూచుటకు వచ్చు నాడు దుబారా చేసి చూపవలెనని తీర్మానించితిమి. "ఇన్నాళ్ళు చుక్క చుక్క పట్టుకొచ్చినవాళ్ళం, ఒక్క పూట పారబోయలేమా?" అన్నది నా భార్య.

పారబోయలేకపోయితిమి. కుళాయిలన్నీ బార్లా తెరచి గుమ్మాలలో నిలబడితిమి. మొదట టీచరమ్మ గారే ఓర్వలేక, "అయ్యో అయ్యో, పోతున్నాయర్రా!" అని బకెట్టు పెట్టినారు. అంతటితో కట్టు తప్పినది. బిందెలు, గంగాళములు, పసిపిల్లల తొట్లు, ఎవరికి దొరికినది వారు తెచ్చి పెట్టినారు. నేను కుట్టుమిషను మూత తిరగవేసి పెట్టితిని. అన్నీ నిండిన పిదప పొర్లినదానిని అలవాటు చొప్పున గుంతలో పోసితిమి. బోరుకు మరికాస్త బలము చేకూరినది. నీళ్ళు వదిలే అతను వచ్చి చూసి, "మీకు ఇంకో బోర్డు ఇస్తారేమో" అని వెళ్ళినాడు.

6. కార్యాలయమునకు వచ్చి అడుగగా, గుమాస్తా గారు చాలాసేపు నీళ్ళు నమిలినారు. మా వీధిలో నమలుటకు కూడా లేవు. చివరకు, "ఒకసారి మిగులు అని పడ్డాక మళ్ళీ కొరత అని మార్చే దారి లేదండీ, కంప్యూటర్ ఒప్పుకోదు" అన్నారు. అడగనిదే అమ్మయినా పెట్టదందురు గనుక రాతపూర్వకముగా అడుగుచున్నాను.

7. వారానికొకసారి వచ్చు నీటితో రోజూ దుప్పట్లు ఉతుకుట మా వల్ల కావటము లేదు. తడిసినదానిని ఎండబెట్టి మళ్ళీ అదే పరచుచున్నాము. ఇది రాయుటకు నాకు సిగ్గుగా ఉన్నది. అమ్మకు వినపడకుండ రాయుచున్నాను.

కావున, నేనన్న మాటను నేను వెనక్కి తీసుకొనుటకు అనుమతించి, మునుపటివలె రోజు విడిచి రోజు నీరు ఇప్పించ ప్రార్థన. బోర్డు విప్పుకొని పోయినను మాకు సమ్మతమే. మొక్కను కూడా తిరిగి ఇవ్వగలము, బతికే ఉన్నది. పొదుపు మాత్రము మానము. మానలేము, ప్రయత్నించి చూచితిమి. అయితే దాచుకున్నవాడికే కోత పడునని తెలిసినచో రేపు ఏ వీధివారు గుంత తవ్వుదురు? వాన మాట తప్పుచున్న కాలములో తవ్వువారే తమకును దిక్కు గదా.

ఇందలి అక్షర దోషములను మన్నించి, తక్కిన దోషములను తమవిగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వెనుక వీధి దర్జీ
(చాలన్నవాడు)

తా.క.: కవరు అంటిస్తుంటే మా ఆవిడ వెనుక గదిలోంచి పిలిచింది. వెళ్ళి చూస్తే అమ్మ పెదవులు పగిలి ఉన్నాయి. కొన్నాళ్ళుగా గ్లాసు అందిస్తే "దాహం లేదు నాన్నా" అంటోంది. వయసు కదా, అంతే అనుకున్నాను. ఇవాళ మా ఆవిడ గట్టిగా నిలదీస్తే చెప్పింది. "తాగితే పక్క తడుస్తుంది కదే తల్లీ. నువ్వు దేంతో ఉతుకుతావు?"

ఇంట్లో తాగే నీళ్ళు ఉన్నాయండి. నిండు బిందె ఉంది. గ్లాసు పట్టుకుని ఇందాకటి నుంచి బతిమాలుతున్నాను, నోరు తెరవడం లేదు. కుళాయిలో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటే తాగుతానంటోంది. పైన రాసిన నంబర్లన్నీ కొట్టేసుకోండి. బోరు మీరే ఉంచుకోండి. మైకులో ఏమనమంటే అది అంటాను. ఒక్కసారి నీళ్ళు వదలండి.

అయ్యా, మా అమ్మకు దాహంగా ఉంది.