నలభై ఒక్క స్థానిక సంతకాలు

గూడూరు, జూలై 3

అత్తకు నమస్కారాలు. జిరాక్స్ షాపులో కూర్చుని రాస్తున్నాను.

మన దిబ్బకుప్పం శ్మశానాన్ని సముద్రం కోసేస్తోందని, అడ్డంగా రాళ్లకట్ట వేయించమని ఇంటర్నెట్‌లో పిటిషన్ పెట్టాను. నువ్వు ఆరేళ్లు కాగితాల మీద అర్జీలిచ్చినా కదలని పని. ఇప్పుడు పదకొండు రోజుల్లో మూడు వేల రెండు వందల మంది సంతకం చేశారు! కెనడా నుంచి ఒకావిడ ఏడుపు బొమ్మ కూడా పెట్టింది. కానీ కట్ట వేయించాల్సిన ఆఫీసువాళ్లు బయటివాళ్ల సంతకాలు చెల్లవంటున్నారు. స్థానికులు చిరునామాతో సహా చేయాలట. ఊళ్లో అందరిచేతా చేయించు.

నీ మేనల్లుడు,
కిషోర్

తా.క. పిటిషన్‌కు మామ సమాధి ఫోటో పెట్టాను. నాలుగు వందల మందికి నచ్చింది.

దిబ్బకుప్పం, జూలై 7

అబ్బయ్యా కిషోర్, చల్లంగా ఉండు.

సంతకాలంటావే, ఈడ సిగ్నలే లేదు గదా. ఫోన్ పలకాలంటే వాకాడు దాకా పోవాల. మగోళ్లు వేటకి పోయుండారు, ఆడోళ్లు చేపలు అమ్మను పోయుండారు. ఒక్కరు కూడా చెయ్యరు. కెనడా ఆమె ఏడిస్తే మన సముద్రం వెనక్కి పోతాదా? మొన్న పోటుకి గట్టు ఇంకో బారెడు ఇరిగింది. మీ మామ దగ్గరికి ఇంక నాలుగడుగులే.

అత్త ఆదిశేషమ్మ

తా.క. బతికుండంగా మీ మామ ఒక్కరికీ నచ్చలా. నాలుగు నూర్ల మందా?

గూడూరు, జూలై 12

అత్తా, నువ్వు మామూలు మనిషివి కాదు!

ఎవరూ చెయ్యరని రాసి, నిన్న మధ్యాహ్నం ఒక్క గంటలో నలభై ఒక్క మందిచేత చేయించావు. చిరునామాలు ఎంత పద్ధతిగా ఇచ్చారో! ఉత్తరం వరస రెండోది, దక్షిణం వరస ఐదోది... ఊళ్లో కొత్త వీధులు పడ్డాయా? మాల్యాద్రి అనే ఆయన, "కాళ్లు తడుస్తున్నాయి, త్వరగా చూడండి" అని రాశాడు. పేరమ్మ అనే ఆవిడ, "ఇసుక జారుతోంది, పక్కకు తిరగలేకున్నాను" అంది. పాపం, మంచంలో ఉందా? మామ పేరు పెట్టుకున్న ముత్యాలయ్య కూడా ఒకడున్నాడు. ఎవరి మనవడు? జాబితా ఆఫీసుకు పంపేశాను.

నీ కిషోర్

తా.క. వృత్తి అన్నచోట అందరూ "విశ్రాంతి" అనే రాశారు. ఊరంతా ఒకేసారి రిటైరయిందా?

దిబ్బకుప్పం, జూలై 15

కిషోరూ, దీవెనలు తర్వాత.

చచ్చిపోయినోళ్ల పేర్లతో ఆటలేంది నీకు? మాల్యాద్రి పోయి తొమ్మిదేళ్లు. పేరమ్మ నా చేతుల్లోనే పోయింది. ఊర్లో ఉండేది ఒకటే వీధి. వరసలుండేది శ్మశానంలో. పాత ఓటర్ల లిస్టు చూసి ఎక్కించినావు గదా? ఆఫీసోళ్లు పట్టుకుంటే స్టేషన్‌కి తీసకపోయేది నన్ను. ముందు అవి తీసెయ్.

ఆదిశేషమ్మ

తా.క. మీ మామ ఏం రాసినాడు? ఉన్నదున్నట్టు రాయి.

గూడూరు, జూలై 19

అత్తా, నీ మీద ఒట్టు, నేను ఎక్కించలేదు.

తీసేద్దామని నొక్కితే, "సంతకం చేసినవారే తొలగించుకోగలరు" అని వస్తోంది. షాపులో ఫ్యాన్ ఆపేసినా నాకు ఒళ్లు చల్లగానే ఉంది. పైగా ఇరవై నాలుగో తేదీన ఆ ఆఫీసు ఇంజనీరు జాబితా పట్టుకుని, సంతకాలు చేసినవాళ్లను స్వయంగా చూడటానికి వస్తున్నాడు. ఎలాగైనా గట్టెక్కించు.

నీ మేనల్లుడు,
కిషోర్

తా.క. మామ రాసింది ఇంతే: "ఆదిశేషమ్మను అడగండి. చూపిస్తుంది."

దిబ్బకుప్పం, జూలై 26

అబ్బయ్యా, భయపడబాక.

ఇంజనీరు వచ్చినాడు. మీ మామ చెప్పినట్టే శ్మశానానికి తీసకపోయినా. "ఇదే ఉత్తరం వరస సార్. మొదటాయన సముద్రంలోకి పోయినాడు. రెండో ఆయన మాల్యాద్రి, అవిగో కాళ్లు. మూడోది మా ఆయన" అన్నా. ఆయన రాళ్ల మీద పేర్లు చూసినాడు, చేతిలో కాగితం చూసినాడు. మొహం పాలిపోయింది.

"అమ్మా, వీళ్లు... స్థానికులేనా?" అన్నాడు.

"వీళ్లకంటే స్థానికులెవురు సార్? ఊరొదిలి ఎక్కడికీ పోలా" అన్నా.

ఆయన బూట్లిప్పి, ఒక్కో పేరే చదవను మొదలుపెట్టినాడు. పేరుకొక అల వచ్చి ఆయన పాదాలు తడిపి పోయింది. నలబై ఒకటి అయినాక ఒక్క అల కూడా అంతదూరం రాలా. అన్నిటికీ టిక్కులు పెట్టి, "స్వయంగా చూసినాను" అని సంతకం చేసినాడు. రాళ్లు పంపిస్తాడంట.

అత్త

తా.క. టీ తాగమంటే, ముందు వాళ్లకియ్యమన్నాడు.

గూడూరు, సెప్టెంబర్ 9

అత్తా, ఈ ఉత్తరం బస్సు డ్రైవర్‌ చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు అదే బస్సుకు పంపు. నేనే వద్దామంటే ధైర్యం చాలడం లేదు.

కట్ట పూర్తయిందని సంతోషించి మూడు రోజులయిందో లేదో, ఈ ఉదయం ఇంకో పిటిషన్ కనపడింది. పెట్టింది నేను కాదు. ముత్యాలయ్య, ఉత్తరం వరస మూడోది. "రాళ్లు మరీ ఎత్తుగా వేశారు. సముద్రం కనపడటం లేదు. పై రెండు వరసలు తీసేయండి." కింద నలభై ఒక్క సంతకాలు. నేను చూస్తుండగానే నలభై రెండోది పడింది.

ఆదిశేషమ్మ, ఉత్తరం వరస నాలుగోది.

అత్తా, జవాబు నీ చేత్తోనే రాయాలి.

కిషోర్

తా.క. వృత్తి అన్నచోట ఏముందో చూడలేదు. చూడలేను.

దిబ్బకుప్పం, అదే రోజు

పిచ్చోడా, బతికే ఉండా. డ్రైవరు హారన్ కొడతా ఉండాడు, గబగబా రాస్తన్నా.

ఆ సంతకం నాదే. పొద్దున వాకాడు పోయి ఆడుండే నర్సు వినీల ఫోన్లో చేసినా. రోజూ మీ మామ పక్కన కాసేపు కూర్చుంటా గదా, ఇప్పుడు కూర్చుంటే ఎదురుగా అన్నీ రాళ్లే. నలబై ఏళ్లు నీళ్ల మీద బతికినోడి మొహానికి గోడ కట్టించినామే అని మనసు ఒకటే పీకింది. చిరునామా అడిగితే, ఆయన పక్కన నాకు అట్టిపెట్టిన చోటు చెప్పినా. ఇంటి నంబరుతో ఆరేళ్లు రాస్తే ఎవురన్నా పలికినారా?

సంతకం కింద ఇచ్చిన నంబరు చూసి ఇంజనీరు అప్పుడే వినీలకి ఫోన్ చేసినాడు. సోమవారం రెండు వరసలూ తీయిస్తాడంట. ఈసారి మనుషుల్ని చూడను రాడంట.

అత్త ఆదిశేషమ్మ

తా.క. అసలు ఆ పిటిషన్ పెట్టిద్దామని నేనే పోయినా. వినీల ఫోన్ తెరిస్తే ఆయన పెట్టేసుండాడు. బతికుండంగా ఒక్క పనన్నా నాకంటే ముందు చేసినాడా, మీ మామ?